కుర్చీ లేని కంప్యూటర్ సార్

రజిత ఫోన్ చేసినప్పుడు నేను ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద చింతచిగురు బేరమాడుతున్నాను. రజిత నా పాత విద్యార్థిని. నాచారంలో నేను తెలుగు చెప్పిన ఆడపిల్లల ప్రైవేటు బడిలో చదువుకుంది. "మేడమ్, సార్ పోయిన్రు. రేపు పొద్దుగాల చెంగిచెర్లల మట్టి చేస్తున్నరు" అంది. ఏ సార్ అని నేను అడగలేదు. మా బడిలో లెక్కల సార్, సైన్సు సార్, డ్రిల్లు సార్ అని చాలామందే ఉండేవారు కానీ, వెనకా ముందూ ఏమీ తగిలించకుండా పిల్లలు ఉత్త 'సార్' అన్నారంటే అది కంప్యూటర్ సారే.

చిగురమ్మే ఆమె తీసుకుంటావా లేదా అని రెండుసార్లు అడిగింది. తీసుకోకుండా వచ్చేశాను. నడిరోడ్డు మీద ఏడవడం నాకు చేతకాదు. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది కూడా. ఆయన్ని తలుచుకుంటే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది, మిగతావన్నీ దాని తర్వాతే.

ఆయన మా బడికి పార్ట్‌టైమ్. వారానికి రెండు రోజులు వచ్చేవారు. అంతకుముందు ఏదో ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవారట. ఒకసారి ఆ సంగతి అడిగితే "ఇప్పుడు చేసేదే ఎవ్వరు అడుగుతలేరు మేడమ్, అప్పుడు చేసింది ఎందుకు?" అన్నారు. మళ్ళీ అడగలేదు. బట్టతల, పాత స్కూటర్, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు చూసే టెస్టర్. స్కూటర్‌కు తగిలించిన హెల్మెట్ తీసి, దాని లోపలి నుంచి టిఫిన్ డబ్బా బయటికి తీసేవారు. అన్నం డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని తల హెల్మెట్‌లో పెట్టుకోవడం లోకరీతి. ఆయన నాచారం వచ్చేదాకా డబ్బా హెల్మెట్‌లో, తల బయట పెట్టి, చౌరస్తాలో పోలీసు కనపడితే మాత్రం డబ్బా చంకన పెట్టుకుని హెల్మెట్ తలకెత్తేవారు. ఆ మాట ఆయనే చెప్పుకునేవారు.

మా స్టాఫ్‌రూములో మనిషికో కుర్చీ. పార్ట్‌టైమ్ వాళ్ళకు కుర్చీ లేదని బడి యజమాని నియమం. యజమానిని మేము కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం. ఆరడుగుల మనిషి, ఎవరితో మాట్లాడినా వాళ్ళ నెత్తి మీదుగా వెనక గోడతో మాట్లాడుతున్నట్టే ఉండేది. కంప్యూటర్ సార్ ఆ నియమం మీద ఒక్కరోజు కూడా ఫిర్యాదు చేయలేదు. గుమ్మంలో నిలబడి "ఎవరు సెలవు?" అని అడిగేవారు. ఎవరు సెలవు పెడితే ఆ కుర్చీ ఆయనది. అంతటితో ఆగితే బాగుండేది. ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్ళయిపోయేవారు. డ్రిల్లు సార్ కుర్చీలో ఛాతీ విరుచుకుని పెరుగన్నం తినేవారు. హిందీ మేడమ్ కుర్చీలో కూర్చున్న రోజు ప్రతి ముద్దకూ "ఈ బడిల నాకెవ్వరు విలువ ఇస్తలేరు" అని నిట్టూర్చేవారు. నేను సెలవు పెట్టిన మర్నాడు నా కుర్చీలో ఏం చేశారో చెప్పమని అందరినీ అడిగాను. ఒక్కరూ చెప్పలేదు గానీ వారం రోజులు నన్ను చూసి నవ్వారు.

అందరూ వచ్చిన రోజు కిటికీ దగ్గర నిలబడి తినేవారు. గది నిండా ఒకసారి చూసి, "అందరు ఆరోగ్యంగ ఉన్నరు, దేవునికి స్తోత్రం" అనేవారు. ఆదివారాలు చర్చిలో అలవాటైన మాట అది. అందులో వెటకారం ఎంతో స్తోత్రం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కోపం మాత్రం వచ్చేది కాదు. ఆయన డబ్బాలో పచ్చడి ఎవరో ఖాళీ చేస్తే కూడా, "పార్ట్‌టైమ్ మనిషిని మేడమ్, ఫుల్ కోపం తెచ్చుకుంటె మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు" అన్నారు. మాది గోదావరి వైపు. నేను ప్రతి మాటకీ 'అండీ' తగిలిస్తానని ఆయనకు తగని సంబరం. "మీరు గన్ని అండీలు పెడ్తుంటె నాకు జీతం పెరిగినట్లు అనిపిస్తది" అనేవారు. ఆ జీతం ఏపాటిదో తెలుసు కాబట్టి నేను ఇంకో రెండు అండీలు ఎక్కువే వేసేదాన్ని.

ఇక మేడ మీది కంప్యూటర్ గది. దాని తలుపు మీద 'పాదరక్షలు బయట విడువవలెను' అని బోర్డు. దుమ్ము పడితే కంప్యూటర్లు చచ్చిపోతాయని కరస్పాండెంట్ గారికి గట్టి నమ్మకం. పిల్లలు, టీచర్లు, చివరికి కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ కూడా చెప్పులు విడిచి గుడిలోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళాల్సిందే. ప్రతి కంప్యూటర్‌కీ కుట్టు క్లాసు పిల్లలు లేసు అంచుతో కుట్టిన ముసుగు, దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు. బొట్టు అన్నిటికీ ఉండేది, ప్రాణం సగానికి కూడా ఉండేది కాదు. ఆ ఉన్నవాటికి కరెంటు ఉండేది కాదు.

కరెంటు పోయిందని ఆయన ఎన్నడూ క్లాసు ఆపలేదు. పిల్లల్ని వరండాలోకి తెచ్చి వాళ్ళనే కంప్యూటర్ చేసేవారు. ఒకమ్మాయి మెమరీ, చెప్పింది గుర్తుపెట్టుకోవాలి. ఇంకో అమ్మాయి డిస్కు, చెప్పింది సుద్దముక్కతో నేల మీద రాసుకోవాలి. సార్ చప్పట్లు కొట్టి "కరెంటు పోయింది" అనగానే మెమరీ అంతా మర్చిపోవాలి. ఒకనాడు మెమరీగా నిలబడ్డ పిల్ల, "సార్, నాకింక యాదికున్నది" అంది. "గట్లయితె నువ్వు మెమరీ కాదు బిడ్డా, మీ నాయినమ్మవు" అన్నారు. పక్క క్లాసులో నేను ఛందస్సు చెబుతున్నాను. గురువులూ లఘువులూ గాలికి వదిలేసి నా పిల్లలందరూ కిటికీలకు అతుక్కుపోయారు. నేనూ వెళ్ళాను. ఎత్తు చాలక ఏమీ కనపడలేదు.

ఇక్కడ నా ఎత్తు గురించి చెప్పుకోవాలి, ముందు ముందు దానితో పనుంది. నేను బాగా పొట్టి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నాతో తల వంచుకుని మాట్లాడేవారు. చూసేవాళ్ళు అది వినయం అనుకునేవారు.

"కంప్యూటర్ తెలివైంది కాదు బిడ్డా, మాట వినేది. చెప్పింది చేస్తది, నువ్వు మనసుల అనుకున్నది చెయ్యది" అన్నది ఆయన పాఠమంతా. ఆ పాఠం చెప్పడానికి ఒకరోజు ఆయాగా పనిచేసే యాదమ్మ దగ్గర కొత్త మాప్ అడిగి తెచ్చారు. దాన్ని కిటికీ ఊచకు తలకిందులుగా కట్టి, దానికి జడ ఎట్లా వెయ్యాలో చెప్పమన్నారు. మా బడిలో రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి. పొద్దున్నే కళ్ళు మూసుకుని జడలేసుకునే పిల్లలు. ఇదేం ప్రశ్న అని నవ్వారు. "మూడు పాయలు తీయాలి సార్." తీశారు, ఒకటి లావు, రెండు సన్నం. సమానంగా అని చెప్పలేదు కదా అన్నారు. "కుడి పాయను నడిమికి తేవాలి. ఎడమ పాయను నడిమికి తేవాలి. మళ్ళ గట్లనే చెయ్యాలి." సార్ అల్లడం మొదలుపెట్టారు. మాప్ పోగులు అయిపోయాయి. ఆయన ఆగలేదు. ఏమీ లేని చోట, గాలిలో, కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, ముఖంలో నవ్వు లేకుండా అల్లుతూనే ఉన్నారు. పిల్లలు "అయిపోయింది సార్, ఆపండ్రి" అని అరిచినా వినలేదు. బెల్లు కొట్టాక ఉత్త జడ అల్లుకుంటూనే స్టాఫ్‌రూముకు వచ్చారు. "ఎక్కడ ఆపాల్నో చెప్పాలె బిడ్డా. చెప్పకపోతే అది ఆగదు, పాపం దానికి తెల్వదు." మాప్‌కు వేసిన జడ విప్పలేక యాదమ్మ రెండు రోజులు ఆయన్ని తిట్టింది. రిబ్బన్ కూడా కట్టారు మరి.

ఇవన్నీ చూసి కరస్పాండెంట్ గారికి ఒక ఆలోచన వచ్చింది. కంప్యూటర్లు లేకుండానే కంప్యూటర్ చెబుతున్నప్పుడు ఆ గది దేనికి? వచ్చే ఏడాది నుంచి అందులో యూనిఫారాలు, పుస్తకాలు అమ్ముదామన్నారు. గది పోతే పీరియడ్ కూడా పోతుంది. ఆడపిల్లలకు ఇంటర్‌లో ఎట్లాగూ నేర్పుతారు కదా అన్నది ఆయన వాదన. అయితే ఒక మెలిక పెట్టారు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా నారపల్లి వైపు ప్లాట్ల వెంచర్లు వేసే పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన గదిని చూసి మెచ్చి కొత్త కంప్యూటర్లు కొనిస్తే పీరియడ్ ఉంటుంది, లేకపోతే లేదు.

ఈ మాట విన్న కంప్యూటర్ సార్ ఆ వారం రోజూ వచ్చారు. పార్ట్‌టైమ్ వాళ్ళు రాని రోజుల్లో వచ్చి, నేల మీద కూర్చుని, టెస్టర్ నోట్లో పెట్టుకుని ఒక్కో కంప్యూటర్ పొట్ట విప్పారు. ఎవరి కుర్చీ ఖాళీగా ఉందని కూడా అడగలేదు. అతిథికి కంప్యూటర్ మీద చూపించాల్సిందంతా రజితతో సాధన చేయించారు. రజిత అప్పుడు తొమ్మిదో తరగతి. మంచి తెలివి, గొంతు మాత్రం బయటికి రాదు. నా క్లాసులో పద్యం చెప్పమంటే పెదవులు కదిలేవి, పద్యం వినపడేది కాదు. దానికి ఈ పీరియడ్ అంటే ప్రాణం. ఇది పోతే తనకు బడిలో ఇంకేమీ లేదని వాళ్ళమ్మతో చెప్పి ఏడ్చిందట. ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పింది. నాచారం ఇండస్ట్రీల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసే మనిషి. "ఏమన్న చెయ్యండ్రి మేడమ్" అంది. నేనేం చేయగలను, నాకు వచ్చింది ఛందస్సు.

ఆ రోజు రానే వచ్చింది. అతిథి తెల్లబట్టలు, ఎత్తు మడమల తెల్లబూట్లతో దిగాడు. గది గుమ్మం దగ్గరకు రాగానే బోర్డు చదివి ఆగాడు. కరస్పాండెంట్ గారు పర్వాలేదు రండి అనబోయేలోపే, "రూల్ అంటె రూల్" అని ఆ పెద్దమనిషి బూట్లు విప్పేశాడు. ముసుగులు తీశారు. అతిథి వేలు బటన్ మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ రెండుసార్లు కుయ్యిమని అదీ పోయింది. కరస్పాండెంట్ గారి ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

కంప్యూటర్ సార్ మాత్రం కదలకుండా, "కరెంటుతోని పనిలేదు సార్. కంప్యూటర్ మా పిల్లల దగ్గరున్నది, జర వరండాలకు రాండ్రి" అన్నారు. అందరం ఉత్త కాళ్ళతోనే వరండాలోకి వచ్చాం. సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ఈ చివర నేను, ఆ పక్కన డ్రిల్లు సార్, హిందీ మేడమ్, నట్టనడుమ అతిథి, ఆయన పక్కన కరస్పాండెంట్ గారు, తర్వాత యాదమ్మ, కూతుర్ని చూసుకోవడానికి వచ్చిన రజిత వాళ్ళమ్మ. పొట్టివాళ్ళు నా వైపు, పొడుగువాళ్ళు ఆ వైపు వచ్చేట్టు ఈ వరసను సర్దమని రజితతో చెప్పారు. "మొత్తం లైను సూడకు బిడ్డా, కంప్యూటర్‌కు గంత సూపు లేదు. పక్కపక్కనున్న ఇద్దర్ని సూడు, చాలు. తప్పుంటె మార్చు. మళ్ళ మొదటినుంచి రా."

రజిత పెదవులు కదిలాయి. ఎవరికీ వినపడలేదు. సార్ వంగి, "గట్టిగ చెప్పు బిడ్డా. కంప్యూటర్‌కు సిగ్గుండదు" అన్నారు.

ఏమనుకుందో ఏమో, ఒక్కసారి గొంతు పెగిలింది. కరస్పాండెంట్ గారిని యాదమ్మతో పోల్చి చూసి, మీరటు జరగండని చేత్తో చూపించింది. జరిగారు. తర్వాత రజిత వాళ్ళమ్మతో పోల్చింది. మళ్ళీ జరిగారు. పొడుగు మనిషి కావడంతో ఒక్క రౌండులోనే ఆఖరికి చేరిపోయారు. అతిథి సంగతి వేరు. పొట్టివాళ్ళు రౌండుకు ఒక్క అడుగే కదులుతారట, లెక్క అట్లాంటిది. ఒక రౌండు, హిందీ మేడమ్‌ను దాటాడు. మళ్ళీ మొదటి నుంచి. ఇంకో రౌండు, డ్రిల్లు సార్‌ను దాటాడు. మళ్ళీ మొదటి నుంచి. ప్రతిసారీ రజిత గొంతు ఇంకాస్త పెరుగుతోంది. కింద ఆవరణలో కూర్చున్న తల్లిదండ్రులు కూడా లేచి పైకి చూస్తున్నారు. ఇప్పుడు అతిథి పక్కన నేనున్నాను.

రజిత ఇద్దర్నీ చూసింది. బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి కదా. "సార్, మీరు తెలుగు మేడమ్ కన్న పొట్టి. ఇటు రాండ్రి" అంది, ఆవరణ చివరి దాకా వినపడేలా.

పుట్టి బుద్ధెరిగాక నాకన్నా పొట్టివాడైన పెద్దమనిషిని చూడటం అదే మొదలు. ఆనందించాలో భయపడాలో తెలియక మెడ సాగదీసి నిలబడ్డాను. ఆయన నన్ను దాటి ఈ చివరికి వచ్చి నిలబడ్డాడు. తనకు జరిగింది గౌరవమో అవమానమో తేలక అటూ ఇటూ చూస్తున్నాడు. రజిత ఇంకోసారి వరసంతా చూసుకుని, మార్చేది లేదని నిర్ధారించుకుని, "అయిపోయింది సార్" అంది. కంప్యూటర్ సార్ చప్పట్లు కొట్టి, "ఫస్ట్ మీరే సార్" అని అతిథి చేయి పట్టుకుని ఊపారు. కింద నుంచి ఈలలు. రజిత వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది.

సాయంత్రం మైకు ముందు ఆ పెద్దమనిషి తెచ్చుకున్న ఉపన్యాసం చదవలేదు. "నేను చదువుకున్నన్ని రోజులు ఎన్నడు ఫస్ట్ రాలే. ఇయ్యాల మీ బడిల ఫస్ట్ వచ్చిన. ఆ పిల్ల ధైర్యం సూసిన. ఈ క్లాసు బంద్ చెయ్యొద్దు" అని కొత్త కంప్యూటర్లు రాసిచ్చాడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. నా ఎత్తు వాళ్ళ మీద అంతటి గౌరవం నాకు ఆ రోజే కలిగింది.

కంప్యూటర్లు వచ్చాయి. పీరియడ్ నిలిచింది. వారానికి రెండు కాదు, రోజుకొకటి అయింది. ఇంత పెద్ద ల్యాబ్‌కి పార్ట్‌టైమ్ మనిషి ఏం సరిపోతాడని, బీటెక్ చదివిన ఫుల్‌టైమ్ టీచర్‌ను పెట్టారు కరస్పాండెంట్ గారు. వరసలో తాను ఆఖరుకు పోయిన సంగతి ఆయన మర్చిపోలేదని హిందీ మేడమ్ అంటుంది. నేనూ అదే అంటాను.

ఆఖరి రోజున ఆయన స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి, అలవాటుగా, ఎవరు సెలవని అడిగారు. ఎవరూ లేరు. నేను లేచి నా కుర్చీ ఆయన ముందుకు జరిపాను. వద్దన్నారు. కూర్చోండి సార్ అండీ అన్నాను. 'సార్'కి కూడా 'అండీ' తగిలించేసరికి ఓడిపోయి కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి తిన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, సగం నౌకరే గదా పోయింది. సగం బాధ చాలు" అన్నారు. నాది ఫుల్‌టైమ్ ఉద్యోగం, నాకు పూర్తి బాధే కలిగింది. నా కుర్చీలో ఆ రోజు ఆయన ఎవరిలాగానూ చేయలేదు, ఊరికే కూర్చుని పెరుగన్నం తిన్నారు.

రజిత ఫోన్ చేసిన మర్నాడు చెంగిచెర్ల సమాధి తోటకు వెళ్ళాను. వయసుకు తగని పనే కానీ నా ఎత్తుమడమల చెప్పులు వేసుకునే వెళ్ళాను. అవి లేకుండా నేను గుమ్మం దాటను. పాస్టర్ గారు ప్రార్థన ముగించారు. ఇంటివాళ్ళు మట్టి వేశారు. మిగతావాళ్ళు వరసగా రావాలన్నారు. చూస్తే ఎన్ని బ్యాచీల పిల్లలో. బ్యాంకు ఐడీకార్డు మెడలో వేసుకుని వచ్చినది ఒకతె, చంకలో పసిపిల్లతో ఒకతె. ఎవరు ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడ్డారు. నేను వెనకెక్కడో ఉన్నాను.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒకమ్మాయి తన ముందున్న పొడుగు పిల్లను చూసి, ఆమెతో చోటు మార్చుకుంది. ఆ వెనక ఇంకో ఇద్దరు. మళ్ళీ మొదటి నుంచి. పాస్టర్ గారికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. నా ముందున్నది రజితే. వెనక్కి తిరిగి నా కాళ్ళ వైపు చూసింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఆనాటిదే.

"మేడమ్, చెప్పులు."

విడిచేశాను. రజిత తప్పుకుంది. దాని ముందున్న పిల్ల తప్పుకుంది. ఒక్కొక్కరే నన్ను చూసి, తల వంచి, చోటిచ్చారు. అలా జరిగి జరిగి వరసలో అందరికన్నా ముందుకు వచ్చేశాను. ఈసారి ఫస్ట్ నేనే. గుప్పెడు మట్టి తీసుకుని వేశాను. అప్పుడు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

వేసి పక్కకు పోవాల్సినదాన్ని, పోలేదు. వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాను. నా తర్వాత వేసిన పిల్ల నా వెనకే వచ్చి నిలబడింది. ఆ తర్వాతది కూడా. పాస్టర్ గారు బైబిల్ మూసి ఓపిగ్గా చూస్తున్నారు. ఎక్కడ ఆపాలో మాకు ఎవరూ చెప్పలేదు.